మంచుపై నాడిన వనిత

క్రీడలను గూర్చి యొక వ్యాసము వ్రాయుమని పత్రికా సంపాదకవర్గమువారు కోరినప్పుడు, పదవ తరగతి బాలికలము పదునొకండుగురము కూడి యాలోచించితిమి. క్రికెట్టును గూర్చి వ్రాయువారు పలువురు కలరు. కబడ్డీని గూర్చి మా తమ్ములు ఏటేట వ్రాయుచునే యున్నారు. అందువలన మేము కన్నులార చూడని యొక యాటను, ఎన్నడును కలిసికొనజాలని యొక వనితను ఎన్నుకొంటిమి. ఆ యాట మంచుపై నాడు హాకీ. ఆ వనిత హంగేరీ దేశపు జాతీయ జట్టునకు నాయకత్వము వహించిన ఫన్ని గరాత్-గష్పరిచ్. చూడనిదానిని గూర్చి వ్రాయుట యేల యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. ఈ నాలుగు మాటలు ముగియునప్పటికి కారణము తమకే బోధపడునని మా నమ్మకము.

మంచుగడ్డ యన్నచో మేమెరిగినవి రెండే. ఒకటి సంతలో చేపలపై కప్పి యుంచునది. రెండవది వేసవిలో పుల్లకు గ్రుచ్చి యమ్మునది. ఈ యాటకు మంచుగడ్డయే నేల. 60 మీటర్ల పొడవును, 26 మొదలు 30 మీటర్ల వెడల్పును గల ప్రాంగణమున నీటిని గడ్డకట్టించి, చుట్టును పలకల గోడ కట్టుదురు. అడుగున ఉక్కు అలుగులు గల పాదరక్షలు తొడిగికొని, చేత వంపుకర్ర పట్టి, ఒక్కొక్క పక్షమున ఆరుగురు నిలుతురు. వారిలో నొకరు గోలును కాచువారు. బంతి లేదు, దానికి బదులు నల్లని రబ్బరు బిళ్ళ కలదు. దాని యడ్డుకొలత 7.6 సెంటిమీటర్లు, మందము 2.5 సెంటిమీటర్లు. ఆటకు ముందు దానిని బాగుగా చల్లబరచి యుంచుదురు. ఏలయన వెచ్చని రబ్బరు ఎగిరిపడును. చల్లనైనది నేలనంటి జారును. ఇరువది నిమిషముల చొప్పున మూడు భాగములుగా ఆట సాగును.

ఇందు మాకు మిగుల నచ్చిన పద్ధతి యొకటి కలదు. ఎంతటి వేగము గలవారైనను మంచుపై నొక్క నిమిషమునకు మించి నిలువరు. శక్తినంతయు ఆ కొలది కాలముననే వెచ్చించి, ఆట సాగుచుండగనే గట్టునకు వచ్చి కూర్చుందురు. వారి చోటికి వేరొకరు దుముకుదురు. కొంత విశ్రమించి మరల వెళ్ళుదురు. కావున గట్టుపై కూర్చున్నవారు ఆడనివారు కారు. వారును ఆటలోనివారే.

స్త్రీల కీ యాటలో మొదటి ప్రపంచ పోటీలు 1990లో కెనడా రాజధాని యొట్టావాలో జరిగినవి. శీతకాల ఒలింపిక్ క్రీడలలో స్త్రీల హాకీకి చోటు దొరకినది 1998లో, జపానులోని నగానోలో. పురుషుల జట్లు 1920 నాటికే ఒలింపిక్కులలో నాడియుండెను. ఒకే మంచు, ఒకే బిళ్ళ. నడుమ డెబ్బదియెనిమిది సంవత్సరములు.

ఇక హంగేరీ సంగతి. ఆ దేశమున జనసంఖ్య కోటికి లోపు. బుడాపెస్టు నగరోద్యానమునందు 1870లోనే మంచుపై జారు క్రీడకు స్థల మేర్పడెను. 1926లో అచట యంత్రముల సాయమున మంచును గడ్డకట్టించు నేర్పాటు జరిగెను. ఈ యాటను వారు తమ భాషలో ‘యేగ్‌కొరోంగ్’ అందురు. యేగ్ అనగా మంచు. కొరోంగ్ అనగా బిళ్ళ. పరదేశపు ఆటను తెచ్చుకొనిరి గాని, దానికి పేరు మాత్రము తమ యింటి మాటలతో పెట్టుకొనిరి. ఇంకొక విశేషము మమ్ము మరింత సంతోషపెట్టినది. ఐరోపా ఖండమున దాదాపు అందరును తమ పేరు ముందును, వంశనామము వెనుకను వ్రాసికొందురు. హంగేరీయులు మాత్రము మనవలెనే ఇంటిపేరు ముందు వ్రాసి, తరువాత తమ పేరు వ్రాయుదురు. వారి దేశమున మా కథానాయిక ఫన్ని గష్పరిచ్ కాదు, గష్పరిచ్ ఫన్ని. మా హాజరు పట్టికలో నున్నట్లే యున్నదని మేము నవ్వుకొంటిమి.

వారి భాషకు చుట్టుపట్ల భాషలతో చుట్టరికము లేదు. ఒకవంక జర్మను, మరియొకవంక స్లావు భాషలు, వేరొకవంక రొమేనియను; నడుమ హంగేరియను ఒంటరిగా నిలిచియున్నది. 1920 జూన్ 4వ తేదీన జరిగిన త్రియానోఁ సంధివలన ఆ దేశము తన పూర్వపు నేలలో సుమారు మూడింట రెండు వంతులు కోలుపోయెను. లక్షలకొలది హంగేరీయులు ఇల్లు కదలకయే పరదేశమువారైరి. నేటికిని రొమేనియాలోను, స్లొవాకియాలోను, సెర్బియాలోను వారి గ్రామములు కలవు. రొమేనియాలో మియెర్కురియా చుక్ అను పట్టణము కలదు. అందలి హంగేరీయులు దానిని చీక్‌సెరెదా అందురు. మంచుపై హాకీకి ఆ దేశమున పేరుగన్న పట్టణ మదియే. హద్దు అవతల నుండియు వారు తమ మాటను, తమ యాటను నిలుపుకొనిరి. 1956 నవంబరు 1వ తేదీన భాషను బట్టి రాష్ట్రములు ఏర్పడినప్పుడు మా హోసూరు సీమ మద్రాసు రాష్ట్రముననే నిలిచినది. మా తాతలును ఇల్లు కదలలేదు. అందువలన ఆ పట్టణపు పేరు విన్నంతనే అది మాకు ఎరిగిన యూరివలె తోచినది.

గరాత్-గష్పరిచ్ ఫన్ని 1994 నవంబరు 20వ తేదీన జన్మించెను. నగానోలో స్త్రీలు తొలిసారిగా ఒలింపిక్ హాకీ ఆడునప్పటికి ఆమె మూడేండ్ల పసిది. ఆమె ముందు వరుసలో ఆడునది. గోలు వేయుట ఆమె పని. ఆమె ఆటను తెలియవలెనన్న ప్రపంచ పోటీల పద్ధతిని కొంత తెలియవలెను. అది యొక నిచ్చెన. పై మెట్టున పది జట్లుండును. క్రింది మెట్లపై తక్కిన దేశములు ఆడుచుండును. క్రింది మెట్టున గెలిచినవారు పైకి వత్తురు. పై మెట్టున కడపటివారు క్రిందికి దిగుదురు. కెనడా, అమెరికా వంటి దేశములు ఎల్లప్పుడును పై మెట్టుననే యుండును. హంగేరీ స్త్రీలు చిరకాలము క్రింది మెట్లపై నాడి, 2019 ఏప్రిలులో తమ బుడాపెస్టు నగరమందే జరిగిన పోటీలలో ప్రథమస్థానము పొంది, మొట్టమొదటిసారిగా పై మెట్టునకు అర్హత సంపాదించిరి.

కాని మెట్టు ఎక్కుటకు ఇరువదియెనిమిది నెలలు పట్టెను. 2020లో కెనడాలో జరుగవలసిన పోటీలు కరోనా వ్యాధి కారణమున రద్దయినవి. ఆ దినములు మాకును గుర్తున్నవి. బడి మూతపడగా చేత ఫోను లేనివారము పాఠమునకు ప్రక్కింటి అరుగు చేరిన దినము లవి. మరుసటి యేట వసంతమున అనుకొన్నవియు జరుగలేదు. తుదకు 2021 ఆగస్టులో కాల్గరీ నగరమున పోటీలు జరిగినవి. గెలిచిన ఫలమును అనుభవింపక అంతకాలము అభ్యాసము మానకుండుట గెలుచుటకంటె కష్టమని మాకు తోచుచున్నది. కాల్గరీలో వారు డెన్మార్కును ఓడించి, పది జట్లలో తొమ్మిదవ స్థానము పొందిరి. 2022లో డెన్మార్కు దేశమున జరిగిన పోటీలలో తుది యెనిమిది జట్లలో నిలిచి, అమెరికా చేతిలో చిత్తుగా ఓడి, ఎనిమిదవ స్థానము పొందిరి. 2023లో కెనడాలోని బ్రాంప్టనులో ఓడి క్రింది మెట్టునకు దిగిరి. 2024లో ఆస్ట్రియాలోని క్లాగెన్‌ఫుర్టులో గెలిచి మరల పైకి వచ్చిరి. 2025లో చెక్ దేశమున ఆ జట్టు మరల పెద్దల సరసన ఆడెను.

తొమ్మిదవ స్థానమున కింత వ్యాసమా యని కొందరు నవ్వవచ్చును. ఒలింపిక్ క్రీడలలో హంగేరీ స్త్రీల హాకీ జట్టు ఇంతవరకు ఆడియుండలేదు. 2021 నవంబరులో చెక్ దేశపు చోముటోవ్ పట్టణమున జరిగిన అర్హత పోటీలలో ఒక్క జట్టునకే స్థాన ముండెను. అది చెక్ జట్టునకు దక్కెను. పతకములు లెక్కించువారి పుస్తకములో ఫన్ని పేరు కానరాదు. కాని ఆమె బాల్యమున హంగేరీ బాలికకు చూపి ‘ఇదిగో, మనవారు పై మెట్టున ఆడుచున్నారు’ అని చెప్పుటకు ఎవరును లేకుండిరి. నేటి బాలికకు చూపుటకు కలరు. మాకు ఇది పతకముకంటె తక్కువగా తోచలేదు.

తక్కువమంది యున్నచోట ఆట ఎట్లు నిలుచునో కూడ వారివలన తెలిసికొంటిమి. తమ దేశమున జట్లు కొద్ది యగుటచే, 2004లో నేర్పడిన ఐరోపా స్త్రీల హాకీ కూటమిలో హంగేరీ జట్లును ఆస్ట్రియా, ఇటలీ వంటి దేశముల జట్లతో కలిసి యాడుచున్నవి. ఒక్కొక్క ఆటకు హద్దు దాటి వెళ్ళవలెను. కొందరు సముద్రములు దాటిరి. ఎమ్మా క్రెయిస్ అను యువతి అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున చదువుచు, ఆ విశ్వవిద్యాలయపు జట్టున ఆడెను. పరుల మంచుపై నేర్చినది తమ జట్టునకు తెచ్చిరి.

ఈ మాటలు చదివినప్పుడు మాకు మా చెడుగుడు జట్టు తలపునకు వచ్చినది. గడచిన సంవత్సరము మా తెలుగు విభాగమున ఆడగలవారము ఆరుగురమే మిగిలితిమి. ఏడుగురు లేనిదే జట్టు కాదు. అప్పుడు తమిళ విభాగపు చెలియల నడిగితిమి. వారును నలుగురే యుండిరి. వారు సడుగుడు అందురు, మేము చెడుగుడు అందుము. గీత దాటిన తరువాత రెండును ఒకటే. మండల పోటీలలో రెండవ యాటకే ఓడితిమి. అయినను జట్టు కలదు.

ఏడవది యగు మా చెలియ యేమైనదని అడుగుదురేమో. మాలో అందరికంటె దీర్ఘముగా కూత పెట్టునది ఆమెయే. ఎనిమిదవ తరగతి పిదప బడి మాని, గులాబీలు పెంచు తోటలలో పూలు కోయుటకు వెళ్ళుచున్నది. వేకువన వాహనము వచ్చి కొనిపోవును. ఆ దారిన మేము నడచునప్పుడు కిటికీనుండి చేయి యూపును. ఆమె గట్టుపై కూర్చున్నదనియే మేము తలంచుచున్నాము. మరల పిలుచువారున్నచో దుముకగలదు. పిలుచువారే కావలెను.

అందువలన పెద్దలకు మా విన్నపము రెండు. మొదటిది: పదవ తరగతి వచ్చినంతనే బాలికల వ్యాయామపు గంటను లెక్కల పాఠమునకు ఇచ్చు నలవాటు మానవలెను. వారమున కది రెండు గంటలే. ఆ గంటలో నేర్చిన యూపిరి పరీక్షలకును పనికివచ్చును. రెండవది: చదువు మానిన చెలియలకు ఆదివారముల సాయంకాలము మన మైదానపు తలుపు తీసియుంచవలెను. బడికి రానివారిని ఆటకైనను రానిచ్చినచో, ఆట వెంట చదువు మరల రావచ్చును. మన దేశమున లదాఖు బాలికలు కుంటలు గడ్డకట్టిన కొలది నెలలే అభ్యాసము చేసి, 2025లో ఆసియా పోటీలలో భారత స్త్రీల జట్టునకు కంచు పతకము తెచ్చిరి. మాకు ఏడాది పొడవునను నేల కలదు.

చిన్న తరగతుల చెల్లెండ్రారా! వచ్చు సంవత్సరము మేము ఈ బడిలో ఉండము. తెలుగు విభాగమున మీరు ఐదుగురే యున్నను జట్టు లేదనుకొనకుడు. తక్కినవారిని తమిళ చెలియలలో వెదకుడు, తోటలలో వెదకుడు. గీతలు గీయు సున్నపు డబ్బా వ్యాయామపు గది మూలన నున్నది. తాళపుచెవి ఉపాధ్యాయినిగారి నడిగి తీసికొనుడు.