ఇంటికిఁ దగిన కుక్క

కుక్కను దెచ్చుకొనుటకు ముందు దాని యందమును గాక మన యింటి తీరును జూచుకొనవలెను. ఆల్ప్సు మంచుకొండల సెయింట్ బెర్నార్డు మన యెండలకుఁ దాళఁజాలదు. రాజపాళయపు వేటకుక్కకుఁ బరుగెత్తుటకుఁ జోటు కావలెను. లాబ్రడారు పిల్లలకు మంచి చెలికాఁడే కాని, అది సంతోషమున మీఁదికుఱికినచో వృద్ధురాలగు మా యత్తగారు తూలిపడుదురు. ఉపాధ్యాయుని జీతముతో, బదిలీల నడుమ, పదిపండ్రెండేండ్లు పోషింపవలసిన ప్రాణి గదా! కావున మేము ఎండకోర్చు పొట్టి వెండ్రుకల నాటుకుక్కపిల్లను దెచ్చుకొని, మూఁడు నెలలు నిండఁగనే పిచ్చికుక్క రోగము రాకుండ టీకా వేయించితిమి; ఏటేట వేయింపవలెను. ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను స్వర్గద్వారమున సైతము విడువఁడయ్యెను. బదిలీ వచ్చిననాఁడు వీధిలో విడువఁదలఁచువారు అసలు తెచ్చుకొనకుండుటయే ధర్మము.