తడిసిన బండి, తొందరపడే గుండె

నైరుతి రుతుపవనాలు తెలంగాణలో ప్రవేశించే జూన్ మాసం మొదలుకొని అక్టోబరు దాకా, రాత్రి గట్టి వాన పడిందంటే మరునాటి ఉదయం ఎర్రగడ్డ సందుల్లో ఒక శబ్దం తప్పక వినిపిస్తుంది. మొరాయించిన మోటారు సైకిలును ఎవరో పదే పదే కిక్కు కొడుతున్న శబ్దం అది. పది కిక్కుల తరువాత కాస్త విరామం, మళ్లీ పది. పోనుపోను విరామం తగ్గుతుంది, కిక్కులో కోపం పెరుగుతుంది. ఉదయపు నడకలో ఆ శబ్దం వినబడినప్పుడు నా చెవి ఇంజను మీద కంటే ఆ మనిషి ఊపిరి మీదికే పోతుంది. దశాబ్దాల వైద్యవృత్తి నేర్పిన అలవాటు అది.

మా ప్రాంతంలో బండి విలాసవస్తువు కాదు. ఛాతీ ఆసుపత్రిలోను, మానసిక వైద్యశాలలోను రాత్రి డ్యూటీ చేసి ఇళ్లకు వెళ్లేవారు, రైతుబజారుకు సరుకు తెచ్చేవారు, సనత్‌నగర్, బాలానగర్ కర్మాగారాల్లో షిఫ్టుకు వెళ్లేవారు, ఇంటింటికీ ఆహారం చేరవేసే కుర్రవాళ్లు అందరూ దాని మీదే ఆధారపడి ఉన్నారు. 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చినా ఆ అవసరం తీరలేదు. బండి కదలకపోతే కొందరికి ఆనాటి కూలి పోతుంది. కనుక 'కాసేపు ఆగండి' అని చెప్పడం సులభం, ఆగడం కష్టం అని నాకు తెలుసు. అయినా ఆగమనే చెబుతాను. ఎందుకు ఆగాలో, ఆగిన ఆ పది నిమిషాలలో ఏం చేయాలో కూడా చెబుతాను.

ఇంజను నడవాలంటే పెట్రోలు, గాలి, నిప్పురవ్వ అనే మూడూ కావాలి. వాన దెబ్బ ఎక్కువగా తగిలేది మూడవదానికి. బండిలోని 12 వోల్టుల విద్యుత్తును ఇగ్నిషన్ కాయిల్ వేల వోల్టులకు పెంచుతుంది. ఆ ఒత్తిడితోనే ప్లగ్గు కొన వద్ద, ఒక మిల్లీమీటరు కంటే తక్కువైన సందులో, రవ్వ పుడుతుంది. ప్లగ్ క్యాపులోకి వాన నీరూ రోడ్డు బురదా చేరితే విద్యుత్తు ఆ సందును దాటే శ్రమ పడదు. తడి దారి పట్టుకొని ఇంజను లోహంలోకి జారిపోతుంది. రవ్వ పుట్టకపోయినా కిక్కు కొట్టిన ప్రతిసారీ పెట్రోలు లోపలికి వస్తూనే ఉంటుంది. అది మండక పేరుకొని ప్లగ్గు కొనను కూడా తడుపుతుంది. పైన మాత్రమే తడిసిన ప్లగ్గు మన తొందర వల్ల లోపల కూడా తడుస్తుంది. చికిత్సే వ్యాధిని పెంచడం అంటే ఇదే.

నా వయసువారికి చేతక్ స్కూటరును ఒక పక్కకు వంచి, ఆ తరువాత కిక్కు కొట్టిన రోజులు గుర్తుండే ఉంటాయి. సనత్‌నగర్‌లో ఆల్విన్ కర్మాగారం కళకళలాడిన కాలంలో ఆ సంస్థ వారి పుష్పక్ స్కూటర్లు కూడా ఈ వీధుల్లో తిరిగేవి. బండిని వంచితే పెట్రోలు కార్బురేటర్‌కు చేరేది. పెట్రోలు అందని జబ్బుకు అది మంచి మందే గాని, రవ్వ లేని జబ్బుకు కాదు. తడిసిన బండిని వంచితే ఇప్పటికే ఎక్కువైన పెట్రోలు మరింత ఎక్కువవుతుంది. 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు అమలులోకి వచ్చిన తరువాత తయారైన బండ్లలో చాలావాటికి కార్బురేటరే లేదు, కొన్నింటికి కిక్ రాడ్ కూడా లేదు. అటువంటివాటిని వంచినందువల్ల ప్రయోజనం ఉండదు.

మా వీధి చివరి మెకానిక్ పని చేసే తీరును చాలా వానాకాలాలుగా గమనిస్తున్నాను. రోగిని మేము పరీక్షించే క్రమమే అతనిది కూడా. తేలికైనవి, ఖర్చు లేనివి ముందు చూస్తాడు. హ్యాండిల్ మీది ఎర్ర స్విచ్చు ఆపి ఉందా? గేరు న్యూట్రల్‌లో ఉందా? సైడ్ స్టాండు పైకి లేపారా? స్టాండు దించి ఉంటే స్టార్ట్ కాని బండ్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. తరువాత హారన్ నొక్కి, లైటు వేసి చూస్తాడు. రెండూ నీరసంగా ఉంటే లోపం బ్యాటరీది. అప్పుడు సెల్ఫ్ బటన్‌ను ఆపకుండా నొక్కితే మిగిలిన శక్తి కూడా పోతుంది. అయిదు సెకన్లకు మించి నొక్కకుండా మధ్యలో విరామం ఇవ్వాలి.

ఇవన్నీ సరిగా ఉంటే ప్లగ్గు దగ్గరకు వస్తాడు. తాళం తీసేసి, వైరును లాగకుండా క్యాపునే పట్టుకొని ఊడదీస్తాడు. పొడి గుడ్డతో క్యాపు లోపల, వెలుపల, ప్లగ్గు తెల్లని పింగాణీ భాగం మీద తుడిచి, మళ్లీ గట్టిగా బిగిస్తాడు. చాలా బండ్లకు ఈ మాత్రం చికిత్స చాలు. అప్పటికీ కదలకపోతే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు పానాతో ప్లగ్గును విప్పి చూస్తాడు. కొన తడిగా ఉండి పెట్రోలు వాసన వస్తే తుడిచి, కొంతసేపు ఆరనిచ్చి బిగిస్తాడు. చోక్ వాడకుండా, యాక్సిలరేటర్ తిప్పి ఉంచి రెండు మూడు కిక్కులు కొడతాడు. ఈ పని జరిగేటప్పుడు దగ్గరలో బీడీ, సిగరెట్టు ఉండకూడదు. పేస్‌మేకర్ అమర్చుకున్నవారు నడుస్తున్న ఇంజను మీదికి వంగి ప్లగ్గు వైర్లను పరిశీలించే పని పెట్టుకోకూడదు.

ఇంతకీ స్టార్ట్ కాకపోతే ఎయిర్ ఫిల్టర్ తడిసి ఉండవచ్చు, లేదా పెట్రోలులో నీరు చేరి ఉండవచ్చు. నీరు పెట్రోలు కంటే బరువైనది కాబట్టి ట్యాంకు అడుగుకు చేరి, ఇంజనుకు ముందుగా అదే అందుతుంది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం వరకు ఉండే ఇథనాల్ కొంత నీటిని తనలో కలుపుకొంటుంది. నీరు మితిమీరితే రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగున నిలుస్తాయి. అవి మెకానిక్ చేతిలోని పనులు. పది కిక్కులకు స్పందించని ఇంజను నూరు కిక్కులకూ స్పందించదు.

ఒక సందర్భంలో మాత్రం ఈ ప్రయత్నాలేవీ చేయకూడదు. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజులో దాదాపు 24 సెంటీమీటర్ల వర్షం కురిసింది. 2020 అక్టోబరు 13 రాత్రి కూడా నగరంలో ఎన్నో బండ్లు నీటిలో మునిగాయి. సెల్లారులో గాని, వీధిలో గాని బండి సైలెన్సర్‌ను దాటి మునిగి ఉంటే, నీరు తీసిన తరువాత కూడా కిక్కు, సెల్ఫ్ ముట్టుకోవద్దు. గాలిని అదిమినట్లు నీటిని అదమడం సాధ్యం కాదు. ఇంజనులో నీరు ఉండగా తిప్పితే లోపలి కడ్డీ వంగిపోయి, చిన్న మరమ్మతుతో తీరవలసినది పెద్ద ఖర్చుకు దారి తీస్తుంది. బండిని తోసుకొనో, ఆటో ట్రాలీ మీదనో మెకానిక్ దగ్గరకు చేర్చండి.

ఇంజను సంగతి ఇంతటితో ఆపి, దాన్ని తన్నే మనిషి సంగతికి వస్తాను. అలవాటు లేని దేహానికి హఠాత్తుగా కలిగే తీవ్ర శ్రమ గుండెపోటును ప్రేరేపించగలదని వైద్యశాస్త్రానికి చాలాకాలంగా తెలుసు. రక్తపోటు, మధుమేహం, పొగతాగే అలవాటు ఉన్నవారికి ఆ ముప్పు ఇంకా ఎక్కువ. కొన్నేళ్ల క్రితం మా కాలనీలో యాభై దాటిన ఒక పెద్దమనిషి రెయిన్ కోటు తొడుక్కొని పావుగంట సేపు కిక్కు కొట్టి, మెట్ల మీద కూలబడ్డారు. నేను దగ్గరకు వెళ్లగానే, "ఏం లేదు డాక్టరు గారూ, కిక్కు కొట్టి కొట్టి రెక్క పట్టేసింది" అన్నారు. కిక్కు కొట్టింది కాలు, నొప్పి చేతికి ఎందుకు వస్తుంది? నుదుటి మీది నీటిని ఆయన వాన అనుకున్నారు. తుడిచిన మరుక్షణమే మళ్లీ పట్టింది, అది చల్లని చెమట. ఆసుపత్రిలో ఈసీజీ తీస్తే గుండెపోటు అని తేలింది. వేళకు చేరడం వల్ల కోలుకున్నారు.

వానలో ఉన్న ప్రత్యేకమైన ప్రమాదం ఇదే. గుండెపోటుకు ముఖ్య లక్షణమైన చెమటను వాన దాచేస్తుంది, ఆయాసాన్ని శ్రమ దాచేస్తుంది. కనుక ఛాతీలో బిగుతు, దవడకో భుజానికో ఎడమ చేతికో పాకే నొప్పి, వికారం కనిపిస్తే బండిని అక్కడే వదిలేసి కూర్చోండి. 108కి ఫోను చేయండి. బండి స్టార్ట్ అయితే దాని మీదే ఆసుపత్రికి వెళ్దామనుకోవద్దు. నలభై దాటినవారు అయిదారు కిక్కులకు మించి కొట్టకుండా, ఊపిరి నిదానించే దాకా ఆగడం మేలు. ఉబ్బసం ఉన్నవారు తడి బట్టలతో ఈ శ్రమ చేస్తే ఆయాసం తిరగబెట్టవచ్చు. కిక్ రాడ్ ఎదురు తన్నితే మడమ ఎముక, చీలమండ విరిగిన సందర్భాలు కూడా ఉన్నాయి. తడి చెప్పులతో, ఉత్త పాదంతో కిక్కు కొట్టవద్దు.

మరొక ముప్పు కంటికి కనిపించదు, ముక్కుకు తెలియదు. వానకు భయపడి బండిని గదిలోకో, షట్టరు వేసిన దుకాణంలోకో తెచ్చి, 'ఇంజను ఆరుతుంది' అని చాలాసేపు నడిపిస్తారు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే ఆ వాయువును 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతులు మొదలైతే దీన్ని అనుమానించాలి. కరోనా కాలంలో కొన్న పల్స్ ఆక్సీమీటరును నమ్ముకోవద్దు. అది ఈ వాయువుకూ ఆక్సిజన్‌కూ తేడా గుర్తించలేక 98 అని చూపించగలదు. తలుపులు తెరిచి అందరినీ ఆరుబయటికి తీసుకురావాలి, ఆసుపత్రికి చేర్చాలి. ఇంజను నడపవలసింది ఎప్పుడూ ఆరుబయటే.

బండిని తోసుకుంటూ మురుగునీటిలో నడవవలసి వస్తే పాదాలకు మూసిన బూట్లు ఉండాలి. తెరిచిన మ్యాన్‌హోళ్లున్న చోట, విద్యుత్ స్తంభాల పక్కన నడవవద్దు. ఇంటికి రాగానే సబ్బుతో కాళ్లు కడిగి, గాయాలున్నాయేమో చూసుకోండి. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల ఎలుక జ్వరం వస్తుంది. సాధారణంగా వారం రెండు వారాల్లో జ్వరం, పిక్కల్లో తీవ్రమైన నొప్పి, ఎర్రబడిన కళ్లు కనిపిస్తాయి. అప్పుడు సొంత వైద్యం మానేసి, నీటిలో నడిచిన సంగతి వైద్యునికి చెప్పండి. ఆ ఒక్క మాట రోగ నిర్ణయాన్ని ఎంతో సులభం చేస్తుంది. మధుమేహంతో పాదాలు మొద్దుబారినవారికి సైలెన్సర్ కాల్చినా తెలియదు. కాలిన చోట టూత్‌పేస్టు పూయకుండా 20 నిమిషాలు చల్లని ధారనీటి కింద ఉంచాలి.

చివరికి బండి స్టార్ట్ అయితే వెంటనే వేగం అందుకోవద్దు. తడిసిన బ్రేకులు ఒక పట్టాన పట్టవు. నెమ్మదిగా నడుపుతూ రెండు మూడుసార్లు తేలికగా నొక్కి ఆరనివ్వండి.

తొలకరికి ముందే ప్లగ్ క్యాపు రబ్బరు పగిలిందేమో మెకానిక్‌కు చూపించండి. సీటు కింద ఒక పొడి గుడ్డ, ప్లగ్గు పానా, ఒక కొత్త ప్లగ్గు ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంచుకోండి. వాన పడిన ఉదయం బండి కదలకపోతే, రెండో విడత కిక్కులు మొదలుపెట్టే ముందు పనిచోటుకు ఒక ఫోను చేసి ఆలస్యమవుతుందని చెప్పండి. ఆ ఫోను ఎత్తేవారు కూడా నా పాఠకులలో ఉండవచ్చు. వారికి నా విన్నపం ఒకటే: ఆ అరగంటకు జీతం కోయకండి. అవతలి మనిషి నిదానంగా ప్లగ్గు తుడుచుకోవడానికి కావలసిన ధైర్యం మీ ఒక్క మాటలో ఉంది.