పాత కారుకు సరైన రేటెంత?

కొత్త కారు ధర కంపెనీ చెబుతుంది. బంగారం ధర పేపర్లో వస్తుంది. పన్నెండు, పదమూడేళ్లు నడిచిన చిన్న కారు ధర మాత్రం ఎవరూ చెప్పరు. చెప్పేవాళ్లు లేక కాదు, మరీ ఎక్కువమంది ఉండి! అమ్మేవాళ్ల అబ్బాయి ఒకటి చెబుతాడు, బ్రోకరు ఒకటి చెబుతాడు, పక్కింటాయన ఇంకోటి.

బీమా కంపెనీలకు ఓ లెక్క ఉంది. కొత్త బండి విలువలో మొదటి ఆర్నెల్లలో 5 శాతం తరుగు. అలా పెరుగుతూ పోయి, నాలుగేళ్లు దాటి ఐదేళ్లలోపు బండికి 50 శాతం. ఐదేళ్లు దాటాక పట్టికే లేదు. కంపెనీ, బండి యజమాని మాట్లాడుకుని విలువ తేల్చుకోవాల్సిందే. అంటే పాత కారు దగ్గరకొచ్చేసరికి బీమావాళ్లు కూడా బేరానికే దిగుతారన్నమాట.

తెనాలిలో ఓ స్కూలు మాస్టారికి ఈ చిక్కే వచ్చింది. తండ్రికి వారానికి రెండుసార్లు గుంటూరులో డయాలసిస్. వెళ్లేటప్పుడు బస్సయినా ఫర్వాలేదు. వచ్చేటప్పుడు ఆ పెద్దాయన కూర్చోలేరు, పడుకోలేరు. ప్రతిసారీ కారు మాట్లాడుకుంటే జీతం చాలదు. చేతిలో చీటీ పాడుకున్న 2 లక్షలు ఉన్నాయి. అందులోనే బండి రావాలి, దాని రిపేర్లు కూడా అందులోనే తేలాలి.

రెండు వీధుల అవతల ఒకావిడ 2012 వేగనార్ అమ్మకానికి పెట్టారు. భర్త పోయి ఏడాదిన్నర. అప్పట్నుంచీ బండి షెడ్డులోనే ఉంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు ఇంటర్నెట్లో ప్రకటనలు చూసి 2 లక్షల 40 వేలకు తగ్గొద్దన్నాడు. బ్రోకరు వచ్చి బానెట్టు కూడా ఎత్తకుండా లక్షా పాతిక వేలన్నాడు. ఆవిడకు ఇద్దరి మీదా నమ్మకం కుదరలేదు.

ప్రకటనల్లో కనిపించేది అడిగే ధరే గానీ అమ్ముడైన ధర కాదు. పైగా నెలల తరబడి అక్కడే కనబడే బండ్లంటే ఆ రేటుకు ఎవరూ కొననివి. కొడుకు చూసింది వాటినే. మాస్టారు వేరే దారి పట్టారు. ఆ ఏడాదిలో అలాంటి కార్లు నిజంగా కొన్నవాళ్లను... తోటి టీచర్లు ఇద్దర్ని, మెకానిక్కు దగ్గరకొచ్చే మరో ముగ్గుర్ని అడిగారు. లక్షా 75 వేల నుంచి లక్షా 90 వేల మధ్య తేలింది. లక్షా 80 వేలు అనుకుని మొదలుపెట్టారు.

ఇంకో సంగతీ ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్తవి చౌకయితే పాతవాటి ధరా దిగుతుంది. అంతకుముందు అమ్ముడైన రేట్లు పట్టుకుని కూర్చుంటే లాభం లేదు.

ఆదివారం పొద్దున్నే మెకానిక్కును వెంటబెట్టుకుని వెళ్లారు. ‘‘ఇంజిను చల్లగా ఉండగానే చూడాలి మాస్టారూ. ముందే స్టార్టు చేసి ఉంచితే సగం జబ్బులు కనపడవు’’ అన్నాడతను. ఇక్కడ ఆ భయమే లేదు, బ్యాటరీ చచ్చిపోయి ఉంది. వేరే బండి బ్యాటరీ కలిపి స్టార్టు చేశారు. పొగ గొట్టంలోంచి నీలం పొగ రాలేదు. అంటే ఇంజిను ఆయిలు తాగడం లేదు. బానెట్టుకీ ఫెండరుకీ మధ్య సందు రెండువైపులా సమానంగా ఉంది. బోల్టుల మీద రంగు చెక్కుచెదరలేదు. గుద్దుకున్న బండి అయితే అక్కడే దొరికిపోతుంది.

తర్వాత సీటు బెల్టులు చివరిదాకా లాగి చూశాడు. ఎందుకంటే... 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్ వైపు ఎన్నో కార్లు నీళ్లలో మునిగాయి. మునిగిన బండిని కడిగి, తుడిచి, సెంటు కొట్టి అమ్మొచ్చు. బెల్టు లోపలి చివర పట్టిన బురద చార మాత్రం ఎవరికీ గుర్తుండదు. సీటు కింద పట్టాల తుప్పూ అంతే. ఈ బండిలో అవేమీ లేవు.

మీటరు మీద 61 వేల కిలోమీటర్లు. 2021 నాటి సర్వీసు పుస్తకంలో 58 వేలు. లెక్క కుదిరింది. ‘‘తక్కువ తిరిగింది బాబూ, ఆయన చాలా జాగ్రత్త’’ అన్నారావిడ. నిజమే. కానీ తిరగని బండికి తిరగకపోవడమే ఓ జబ్బు. టైరు మీద చివరి నాలుగంకెలు 2217. అంటే 2017లో ఇరవై రెండో వారంలో తయారైందని. గీతలు బాగానే ఉన్నా రబ్బరు బిరుసెక్కి పగుళ్లిచ్చింది. ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు మూడో గేరులో యాక్సిలరేటరు తొక్కితే ఇంజిను అరిచిందే తప్ప బండి వేగం అందుకోలేదు. క్లచ్ ప్లేటు పోయింది.

అసలు లెక్క ఇక్కడే ఉంది. చాలామంది కొనేవాళ్లు కనబడిన ప్రతి గీతకూ డబ్బులు కోస్తారు. పదమూడేళ్ల బండికి లక్షా 80 వేలు అన్నప్పుడే మాసిన సీట్లు, బంపరు గీతలు అందులో కలిసిపోయాయి. మళ్లీ కోస్తే ఒకే లోపానికి రెండుసార్లు తగ్గించినట్టు. 2027లో పదిహేనేళ్లు నిండి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. ఫీజు 5 వేలు, పైన గ్రీన్ ట్యాక్స్. అదీ అంతే. ఆ ఏడాది బండ్లన్నిటికీ ఉన్న ఖర్చే కాబట్టి దీనికి విడిగా తగ్గించక్కర్లేదు.

నాలుగు టైర్లకు 16 వేలు. మామూలుగా ఇంత పాత బండి సగం అరిగిన టైర్లతోనే వస్తుంది గనుక 8 వేలే తగ్గించాలి. క్లచ్‌కు 9 వేలు, బ్యాటరీకి 4 వేలు, ఆయిళ్లూ బ్రేకులకు 5 వేలు, అయిపోయిన బీమాకు 3 వేలు. మొత్తం 29 వేలు. మాస్టారు కాగితం మీద రాసి చూపించారు. లక్షా 51 వేలు!

ఆవిడ కాగితం చాలాసేపు చూశారు. ‘‘ఒక్క చేతిలో నడిచిన బండి, దెబ్బ తగల్లేదు. దానికేమీ లేదా నాయనా?’’

ఉంది. తప్పులన్నీ రాసుకున్న కాగితంలో మంచి రాయకపోతే ఎలా? లక్షా 58 వేలన్నారు మాస్టారు. ఆయన లెక్కలో టైర్ల పూర్తి ఖర్చుతో కలిపి రిపేర్లు 37 వేలు. మొత్తం లక్షా 95 వేలు. చీటీ డబ్బులో మిగిలేది 5 వేలు. అంతకుమించి తన దగ్గర లేదని కూడా ఆయన దాచలేదు. ఆవిడ అక్కడే కొడుక్కి ఫోన్ చేసి కాగితంలో ఉన్నదంతా చదివి వినిపించారు. అవతల కాసేపు నిశ్శబ్దం. ‘‘నీ ఇష్టం అమ్మా’’ అన్నాడు.

డబ్బు మాత్రం ఆ రోజు చేతులు మారలేదు. ఆర్‌సీ ఇంకా పోయినాయన పేరు మీదే ఉంది. ముందు ఫారం 31తో, మరణ ధ్రువీకరణ పత్రంతో ఆవిడ పేరుకు మారాలి. ఆ తర్వాతే ఫారం 29, 30లతో మాస్టారి పేరుకు. ‘‘సంతకాలు పెట్టిచ్చేస్తాను, తర్వాత నువ్వే మార్పించుకో’’ అన్నారావిడ. మాస్టారు ఒప్పుకోలేదు. ‘‘రేపు నేను ఎవరినైనా గుద్దితే కోర్టు మీ గుమ్మం ఎక్కుతుంది పిన్నిగారూ’’ అన్నారు. అమ్మేసినా సరే, రికార్డుల్లో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని, పరిహారం బాధ్యతా వాళ్లదేనని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. ఆయన జాగ్రత్తగా చూసుకున్న బండి వల్ల ఆవిడకు ఆ తిప్పలెందుకు?

10 వేలు అడ్వాన్సు ఇచ్చి రసీదు రాయించుకున్నారు. ఆవిడ పేరుకు మార్పించే ఖర్చు ఆవిడది, అక్కణ్నుంచి మాస్టారిది. అప్పటిదాకా మాత్రం గుంటూరుకు అద్దె కారే.