డైపర్ తడి చెత్తా, పొడి చెత్తా?

స్కూల్లో చెత్త వేరుచేయడం గురించి చెప్పిన రోజు మా పెద్దమ్మాయి ఇంటికొచ్చి అడిగిన ప్రశ్న ఇది. అప్పటికి మా బాబుకు ఎనిమిది నెలలు. రోజూ ఐదారు డైపర్లు చెత్త బండెక్కేవి.

తడి చెత్త కాదు. డైపర్‌లోని ప్లాస్టిక్ పొరలు, తేమ పీల్చే పాలిమర్ కుళ్లి ఎరువు కావు. ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం వాడిన డైపర్‌ను గట్టిగా చుట్టి ఇవ్వాలి. చుట్టకపోతే ఏమవుతుంది? బండి దగ్గర మన సంచి విప్పి, చేత్తో వేరుచేసే మనిషికి ఆ మలం అంటుతుంది. మలాన్ని ముందే టాయిలెట్‌లో వేసి, డైపర్‌ను పాత పేపర్లో చుట్టి విడిగా ఇవ్వడానికి నిమిషం చాలు.

మరి అసలు వాడకమే తగ్గించలేమా? "మా రోజుల్లో ఇవెక్కడివి? పాత నూలు చీరలే పొత్తిగుడ్డలు" అంటారు మా అత్తయ్య. నిజమే. కానీ వేసవిలో మా అపార్ట్‌మెంట్‌కు ట్యాంకర్ నీళ్లే దిక్కు. ఉతుకుడుకు నీళ్లు, కరెంటు ఖర్చు కావా అని నా సందేహం.

బ్రిటన్‌లో 2008లో వెలువడిన ప్రభుత్వ అధ్యయనం ఈ లెక్కే వేసింది. ఒక బిడ్డకు రెండున్నరేళ్లపాటు వాడి పారేసే డైపర్ల వల్ల సుమారు 550 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారాలు వస్తాయి. గుడ్డ డైపర్లకైతే సగటున 570. అంటే గుడ్డ కట్టినంత మాత్రాన మేలు జరిగిపోదు. మెషిన్ నిండా వేసి ఉతికి, ఆరుబయట ఆరేసి, రెండో బిడ్డకూ అవే వాడితే దాదాపు 200 కిలోలు తగ్గుతాయి. డ్రయ్యర్‌లో ఆరబెడితే ఇంకా పెరుగుతాయి. అదృష్టవశాత్తూ మనకు ఎండకు, దండేనికి కొదవ లేదు.

అందుకే మా ఇంట్లో పగలు గుడ్డ డైపర్లు, రాత్రికీ ప్రయాణాలకూ మామూలువి అనుకున్నాం. ఐదారు కాస్తా ఒకటీ రెండుకు వచ్చాయి. ముసురు పట్టి గుడ్డలు ఆరని రోజు ఇంకొకటి ఎక్కువ, అంతే. ఉతికే పని మాత్రం నేనూ మావారూ వంతులేసుకున్నాం. అది తల్లి మీదో, అత్తగారి మీదో, పనమ్మాయి మీదో పడితే ఈ పద్ధతి వారం కూడా నడవదు.

మీ ఇంట్లో బాబో పాపో ఉంటే నాలుగైదు గుడ్డ డైపర్లతో మొదలుపెట్టి చూడండి. పిల్లలు పెద్దయ్యాక అవి బీరువాలో పెట్టకండి. శుభ్రంగా ఉతికి, చుట్టాల్లో ఇంకో పసిబిడ్డకు ఇవ్వండి. అసలు లాభం అక్కడే ఉంది.