పాట ఒకరిది, పైకం ఒకరిది

జీతాల పట్టీలు వ్రాసి పొట్ట పోసుకునే మా బోటివారికి, ఎంత గొప్పవాని జీవితం చదివినా ముందుగా ఒక సందేహం కలుగుతుంది: ఈయన పడిన పాటుకు చేతికి ముట్టినదెంత? ఇంగ్లండులో ‘స్కిఫుల్’ సంగీతానికి రాజని పేరుపొందిన లానీ డొనెగన్ గారి చరిత్ర చదివినప్పుడూ మాకు ఇదే సందేహం కలిగింది.

ఆయన 1931లో స్కాట్లండులోని గ్లాస్గోలో పుట్టి, లండనులో పెరిగారు. తండ్రి ఫిడేలు విద్వాంసుడు. అసలు పేరు ఆంథొనీ. లానీ జాన్సన్ అనే అమెరికా నల్లజాతి గాయకుని పేరే ఆయనకు స్థిరపడిపోయింది. క్రిస్ బార్బర్ గారి జాజ్ మేళంలో బాంజో వాయిస్తూ, మేళం విశ్రాంతి తీసుకునే వేళ ఇద్దరు ముగ్గురిని కూర్చుకుని అమెరికా జానపదాలు పాడేవారు. స్కిఫుల్ అంటే అదే. దానికి ఖరీదైన వాద్యాలు అక్కరలేదు. ఒక గిటారు, తాళానికి బట్టలుతికే గరుకు రేకు, మంద్రస్వరానికి చీపురుకర్ర నిలిపి త్రాడు బిగించిన తేయాకు పెట్టె ఉంటే చాలును.

ఇంగ్లండులో యుద్ధకాలపు రేషను ముగిసిన 1954 జూలైలోనే ఆయన ‘రాక్ ఐలండ్ లైన్’ అనే రైలు పాటను రికార్డు చేశారు. 1956లో అది ఇంగ్లండులోనూ అమెరికాలోనూ మొదటి పది పాటలలో చేరింది. ఇంగ్లండు కుర్రవాళ్లు వీధివీధినా మేళాలు కట్టారు. ఆ ఏడే లివర్‌పూలులో జాన్ లెనన్ అనే బడిపిల్లవాడు కట్టిన మేళం పెరిగి పెరిగి బీటిల్స్ అయింది.

ఇంత సంచలనానికి డొనెగన్ గారికి ముట్టినది ఆనాటి కూలి క్రింద కొద్ది పౌనులు. అమ్మకాలలో వాటా లేదు. అయితే మరొక మెట్టు దిగి చూడవలెను. ఆ పాట ఆయన కట్టినదీ కాదు. 1934లో ఆర్కెన్సా జైలులో ఖైదీలు పాడగా జాన్ లోమాక్స్ రికార్డు చేశారు. లెడ్‌బెల్లీ అనే గాయకుడు దానిని ప్రచారంలోకి తెచ్చారు. డొనెగన్ గారి కూలి కొద్దిదని నొచ్చుకునేవారు ఆ ఖైదీలను కూడ తలచుకోవలెను.

1957లోనూ 1960లోనూ ఆయన పాటలు అగ్రస్థానానికి ఎక్కాయి. ఆ తరువాత బీటిల్స్ ప్రభంజనంలో, తాను దారి చూపిన కుర్రవాళ్ల చేతనే వెనుకబడ్డారు. అయినా జిమ్మీ కరీతో కలిసి వ్రాసిన ‘ఐల్ నెవర్ ఫాల్ ఇన్ లవ్ అగైన్’ను 1967లో టామ్ జోన్స్, 1976లో ఎల్విస్ ప్రెస్లీ పాడారు. పాడినవాని కూలి ఆ పూటతో సరి. వ్రాసినవానిగా పేరుంటే ఎవరు పాడినా వాటా ఉంటుంది.

1976లో గుండెపోటు వచ్చినా ఆయన పాట మానలేదు. 1978లో రింగో స్టార్, ఎల్టన్ జాన్ వంటివారు ఆయన పక్కన వాయించి గురుదక్షిణ చెల్లించుకున్నారు. 2002లో, ఊరూరా కచేరీలు చేస్తూనే కన్నుమూశారు.

మన ఇళ్లలో పెద్దమ్మలు, అమ్మమ్మలు పాడే పాటలను వ్రాసుకొనుటకు ఎవరైన వస్తే సంతోషంగా పాడించుదము. కాని పాట క్రింద పాడిన తల్లి పేరు కూడ వ్రాయుమని తప్పక అడుగుదము.