మూసీ వెంట వాడపల్లి దాకా

నల్లగొండ జిల్లాలోని మా మర్రిగూడకు నది లేదు. చుట్టూ ఎర్రచెల్కలు, రాతిగుట్టలు, ఎండలు ముదరకముందే అడుగంటే కుంటలు. బావులెండితే బోర్లు వేశాం. బోర్లు లోతుకు పోయినకొద్దీ గ్రానైటు పొరల్లోని ఫ్లోరైడు నీళ్లతో పాటు పైకొచ్చింది. 1945లోనే మా మండలంలోని బట్లపల్లిలో ఫ్లోరోసిస్‌ను గుర్తించారు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడని ఫ్లోరైడు అంతకు ఎన్నో రెట్లున్న నీళ్లు తాగి మనుషులు నడుములు వంగి బతికారు. పటిక, సున్నం కలిపి ఆ నీటిని తేర్చే పద్ధతికి జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు మా జిల్లా పేరే పెట్టారు. ఆఫ్రికా దేశాల్లోనూ దాన్ని నల్లగొండ టెక్నిక్ అనే అంటారు.

ఇలాంటి చోట పుట్టినవాడు గుడికి పోయినా ముందు చెరువెక్కడుందో చూస్తాడు. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో మూసీని పట్టుకుని కిందికి నడిస్తే ఆ చూపు వృథా పోదు. ఈ మెట్ట నేలమీద గుళ్లు కట్టించిన చేతులే చెరువులూ కట్టించాయి. కాకతీయుల కాలంలో పుణ్యకార్యాలుగా ఎంచిన సప్తసంతానాల్లో దేవాలయం ఒకటైతే తటాకం ఇంకొకటి. ఆ రెంటిలో ఒకదాన్ని మనం వారసత్వమన్నాం, రెండోదాన్ని ఇరిగేషన్ శాఖకు వదిలేశాం. నాకున్న బాధ ఇదే.

మూసీ వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుడుతుంది. పురాణాల్లో దాని పేరు ముచికుందా నది. హైదరాబాద్ దాకా దాని కథ అందరికీ తెలిసిందే: 1908 సెప్టెంబరు వరద, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాలు, ఆ తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. నగరం దాటాక ఏమవుతుందన్నది మాత్రం పత్రికల్లో తక్కువగా కనిపిస్తుంది. నగరం తాగి, కడిగి, వదిలిన నీళ్లన్నీ మోసుకుంటూ అది మా జిల్లాలోకి దిగుతుంది. ఒకప్పుడు ఎండాకాలంలో ఇసుక తేలే నది ఇప్పుడు పన్నెండు నెలలూ పారుతుంది. ఆ పారేది వాన నీరు కాదు.

పోచంపల్లి, వలిగొండ వైపు మూసీకి అడ్డంగా కత్వలున్నాయి. కత్వ అంటే నది నీటిని పక్కనున్న కాలువలోకి మళ్లించే చిన్న ఆనకట్ట. ఆ కత్వల కింద వరి పచ్చగా ఉంటుంది. నీళ్లు కత్వ దూకే చోట తెల్లటి నురగ లేస్తుంది, వాసన ముక్కు పగలగొడుతుంది. రైతుకు వేరే దారి లేదు. ఆ నీళ్లలోనే దిగి నాట్లు వేయాలి, ఆ గట్టు మీదే కూర్చుని సద్ది తినాలి.

1951 ఏప్రిల్ 18న వినోబా భావే భూమి అడిగింది ఈ పోచంపల్లిలోనే. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచారు, భూదానోద్యమం మొదలైంది. అదే ఊళ్లో, చుట్టుపక్కల గ్రామాల్లో పద్మశాలీలు నూలును ముందే చిటికి కట్టి, రంగుల్లో ముంచి, ఆ తర్వాత మగ్గమెక్కిస్తారు. అంతకుముందు ఆసు పోయాలి. ఇంటి ఆడవాళ్లు మేకుల చుట్టూ దారం తిప్పుతూ ఒక్క చీర కోసం చేతిని వేలసార్లు ఆడించేవాళ్లు. తల్లి భుజం నొప్పి చూడలేక ఆలేరు మండలం శారాజిపేట చేనేత బిడ్డ చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేసి అమ్మ పేరు పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. జిల్లా సంస్కృతి అంటే రాతి శిల్పాలొక్కటే అనుకునేవాళ్లకు నేను ఈ ఆసు యంత్రాన్నే చూపిస్తాను.

రామన్నపేట మండలంలోని తుమ్మలగూడెం ఒకప్పటి ఇంద్రపాలనగరం. విష్ణుకుండిన రాజుల తామ్రశాసనాలు అక్కడ దొరికాయి. రాణి పరమమహాదేవి కట్టించిన బౌద్ధ విహారం మాట వాటిలో ఉంది. ఇంకా కిందికి, మూసీలో కలిసే బిక్కేరు వాగు ఒడ్డున, ఫణిగిరి గుట్ట. స్తూపం, చైత్యాలు, విహారాలు, ఇక్ష్వాకుల నాటి తోరణం. ఆ ఫణిగిరి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్లి వచ్చాయి. ఇటు నకిరేకల్ పక్కన చందుపట్ల ఉంది. 1289 నవంబరు నాటి శాసనం అక్కడుంది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వాళ్ల పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే సేవకుడు సోమనాథ దేవుడికి దానమిచ్చాడని అందులో రాసి ఉంది. అంతటి రాణి ఎప్పుడు పోయిందో మనకు చెప్పింది రాజాస్థానం కాదు, ఓ చిన్న ఊళ్లో నిలిచిన ఈ రాయి.

సోలిపేట దగ్గర మూసీ ప్రాజెక్టు వస్తుంది. 1963లో పూర్తయిన ఈ ఆనకట్టే సూర్యాపేట ప్రాంతానికి అన్నం పెట్టింది. అక్కడికి దగ్గర్లోనే పిల్లలమర్రి. ఈ ప్రయాణంలో నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే.

పిల్లలమర్రిని ఏలినవాళ్లు రేచర్ల రెడ్లు, కాకతీయుల సామంతులు. పాలంపేటలో రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడిదీ ఆ వంశమే. అక్కడా గుడి పక్కనే రామప్ప చెరువు. పిల్లలమర్రిలో నామిరెడ్డి నామేశ్వరాలయం కట్టించాడు. బేతిరెడ్డి భార్య ఎరకసాని 1208లో ఎరకేశ్వరాలయం కట్టించింది. ఎనిమిది వందల ఏళ్ల కింద ఒక స్త్రీ తన పేరున గుడి నిలబెట్టి శాసనం వేయించిందంటే ఆ ఊరి సంగతి కొంత అర్థమవుతుంది.

ఆ గుళ్ల లోపల రంగమండపాల్లో నల్లరాతి స్తంభాలున్నాయి. దగ్గరికి వెళ్లి చూస్తే మన మొహం మసకగా కనబడేంత నునుపు. పైభాగాన సన్నని దండలు, వాటి కింద వేలెడంత నాట్యగత్తెలు. రాతిని తొలిచి దారమంత సందు వదిలారు. ఓ స్తంభాన్ని వేలితో తడితే కంచు మోగినట్టు చప్పుడొస్తుంది. ఊరివాళ్లు వచ్చిన ప్రతివాళ్లతో తట్టించి వినిపిస్తారు. దూలాల మీద పాతకాలపు రంగుల చిత్రాలు కొన్ని ఇంకా మిగిలాయి. వాటి మీద సున్నం, దీపాల మసి పడకుండా చూడాలి.

గుడి చూసి బస్సెక్కేవాళ్లే ఎక్కువ. పక్కనున్న చెరువు కట్ట ఎక్కేవాళ్లు తక్కువ. అప్పట్లో చెరువు కట్టినవాళ్లకు, దాన్ని బాగుచేసేవాళ్లకు దశబంధ మాన్యాలనే ఇనాం భూములుండేవి. తూము దగ్గర ఎవరి పొలానికి ఎంత నీరు వదలాలో చూసే నీరటి మొన్నమొన్నటిదాకా ఉన్నాడు. ఆ వ్యవస్థ పోయాక పూడిక మిగిలింది.

సూర్యాపేట దగ్గరే దురాజ్‌పల్లి పెద్దగట్టు. రెండేళ్లకోసారి మాఘమాసంలో లింగమంతుల స్వామి జాతర. రాష్ట్రంలో మేడారం తర్వాత పెద్దది ఇదేనంటారు. కేసారం నుంచి దేవరపెట్టె వస్తుంది. గొల్లకురుమలు గజ్జెల లాగులు తొడిగి, భేరీలు మోగిస్తూ, ఓ లింగా ఓ లింగా అంటూ గుట్టెక్కుతారు. పిల్లలమర్రిలో శివుడికి రాజులు మాన్యాలిచ్చారు, ఇక్కడి లింగమయ్యకు గొర్రెల కాపరులే అన్నీ.

పానగల్లు మూసీ ఒడ్డున లేదు. అయినా దాన్ని వదిలి ముందుకు పోలేను. నల్లగొండ పట్టణాన్ని ఆనుకునే ఉన్న ఈ ఊరు కందూరు చోళుల రాజధాని. పచ్చల సోమేశ్వరాలయం గోడల మీద రామాయణ, భారత కథలు బారులు తీరి ఉంటాయి. పొలాల మధ్య ఛాయా సోమేశ్వరాలయంలో మూడు గర్భగుళ్లు. ఒకదాంట్లో లింగం వెనక గోడ మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకే నీడ నిలబడి ఉంటుంది. సూర్యుడు కదిలినా అది కదలదు. మండపం పక్కల నుంచి చెదిరి వచ్చే వెలుగులో వేర్వేరు స్తంభాల నీడలు కలిసి అలా ఒక్కటిగా పడుతున్నాయని సూర్యాపేట భౌతికశాస్త్ర అధ్యాపకుడొకరు నమూనా చేసి చూపించారు. లెక్క తెలిశాక నాకు ఆ శిల్పుల మీద గౌరవం ఇంకా పెరిగింది. ఈ గుళ్లకు కూతవేటులో ఉదయ చోళుడు కట్టించిన ఉదయసముద్రం ఉంది. మా జిల్లాలో ఇప్పటికీ తన పని తాను చేస్తున్న పాత కట్టడం అది. మాధవరెడ్డి ప్రాజెక్టు కృష్ణా నీళ్లను అందులోనే నింపుతున్నారు.

వాడపల్లిలో మూసీ కృష్ణలో కలుస్తుంది. సంగమం పైన మీనాక్షీ అగస్త్యేశ్వరుడు. లింగం తలమీద చిన్న గుంట, అందులో ఎప్పుడూ నీళ్లు. పిట్టను తరుముతూ వచ్చిన బోయవాడికి ఆ పిట్ట బదులు శివుడు తన తలలోని మాంసమే తీసుకోమన్నాడని, బోయ వేళ్ల గుర్తే ఆ గుంట అని చెబుతారు. ఆ పక్కనే లక్ష్మీనరసింహస్వామి గుడి. అక్కడి గర్భగుడిలో రెండు దీపాలు: స్వామి మొహం ఎత్తున ఉన్నది రెపరెపలాడుతుంది, కింది దీపం కదలదు. స్వామి ఊపిరి తగులుతోందంటారు. 2016 కృష్ణా పుష్కరాల్లో లక్షల మంది ఇక్కడ మునిగారు. వాళ్లు మునిగిన చోటికే హైదరాబాద్ మురుగూ వస్తుంది.

తిరిగి మా మండలానికి వస్తే, శివన్నగూడలో 2015 జూన్‌లో డిండి ఎత్తిపోతలకు శంకుస్థాపన జరిగింది. ఆ పథకం కింద అక్కడ కట్టే రిజర్వాయర్ కోసం భూములిచ్చినవాళ్లకు పూర్తి న్యాయం జరగాలి, నీళ్లు చెల్కల దాకా రావాలి. మూసీ విషయంలో అడిగేది ఒక్కటే. నగరంలో ఒడ్డులకు అందాలు దిద్దడం దగ్గరే ఆగకండి. పోచంపల్లి పొలిమేర దాటకముందే మురుగునంతా శుద్ధి చేసి వదలండి. పురావస్తు శాఖ కాపాడే ప్రతి గుడి పక్కనున్న చెరువునూ, దాని శిఖం భూమినీ, తూములనూ, అలుగునూ ఆ గుడి ముందున్న రక్షిత కట్టడం బోర్డు కిందికే తెండి.