మంట దగ్గర షోగున్

వడ్డేపల్లిలో ఈ వారం చలి కాస్త గట్టిగానే ఉంది. పత్తికట్టె విరిచి మంటేశాను, దగ్గరికి జరగండి. నిన్న ఐజ మీదుగా గద్వాల పోయి కోట చూసొచ్చాను. ఆ గోడల కింద నిలబడితే నాకు జపాన్ గుర్తొచ్చింది. నవ్వకండి, చెప్తాను.

మినమోతో యోరితోమో అని ఒకాయన. 1160లో తండ్రి యుద్ధంలో ఓడి, పారిపోతూ హతుడయ్యాడు. పదమూడేళ్ల ఈ పిల్లవాడు శత్రువు చేతికి చిక్కాడు. తల తీయాల్సిందే! కానీ ఆ శత్రువు కియోమోరి సవతి తల్లి ‘పసివాడు, వదిలేయ్’ అని పట్టుబట్టింది. సరేనని ఇజు అనే మూలకు తరిమేశారు. ఆ జాలే చివరికి కియోమోరి వంశం కొంప ముంచింది. ఇజులో ఇరవై ఏళ్లు కాపలాలో ఉన్నాడు. ఆ కాపలాదారు కూతురు మసాకోనే పెళ్లాడాడు. అదీ కాపలా అంటే!

1180లో కత్తి పట్టి తొలి పెద్ద పోరులోనే చిత్తుగా ఓడాడు. చెట్టు తొర్రలో నక్కితే, వెతకవచ్చినవాడు చూసి కూడా చూడనట్టు పోయాడట. ఐదేళ్లు తిరిగేసరికి శత్రువంశం దన్నోఉరా దగ్గర సముద్రంలో మునిగింది. ఆ గెలుపు తెచ్చిన తమ్ముడు యోషిత్సునేనే చావుదాకా తరిమాడు చూడండి, అది మాత్రం నాకు మింగుడుపడదు.

1192లో షోగున్, అంటే చక్రవర్తి మహాసేనాని, అయ్యాడు. చక్రవర్తి ఉన్న క్యోటోకు మాత్రం కాపురం మార్చలేదు. దూరాన కామకురలో హచిమాన్ దేవుడి గుడి నిలిపి, అక్కడి నుంచే పెత్తనం చేశాడు. గద్దె ఆయనది, మాట ఈయనది.

మన గద్వాల రాజు సోమనాద్రీ అంతే కదా! కోట కట్టి, లోపల చెన్నకేశవుణ్ని నిలిపాడు. తర్వాతి రోజుల్లో పైన నిజాం ఉన్నా, ఊళ్లో మాట చెల్లింది మాత్రం గద్వాల దొరలదే.

యోరితోమో 1199లో పోయాక మసాకో గుండు చేయించుకుని సన్యాసిని అయింది. అయినా పగ్గాలు వదల్లేదు. 1221లో క్యోటో కామకుర మీదికి లేస్తే, తన భర్త చేసిన మేలు గుర్తుచేసి సమురాయ్‌లను ఒక్కతాటి మీద నిలిపింది. గద్వాలలోనూ భర్త పోయాక సంస్థానాన్ని నడిపింది మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మే, ఆఖరిదాకా.

ఇప్పుడు ఆ కోట లోపల ఆమె పేరు మీద డిగ్రీ కాలేజీ నడుస్తోంది. ఈసారి గద్వాల పోతే చీరల కొట్టు దగ్గరే ఆగిపోకండి, లోపలికీ వెళ్లి రండి.